మేం అచ్చు వెయ్యని సవరణ

పోయిన నెలలో రాజమండ్రిలో ఒక కాలేజీ వాళ్ళు నన్ను పిలిచి, జర్నలిజం చదువుతున్న పిల్లల ముందు కూర్చోబెట్టారు. విషయం కూడా వాళ్ళే పెట్టారు: విలువలు, పత్రికల మనుగడ. శాలువా కప్పారు. ముప్పయ్యారేళ్ళు ఒకే పత్రికలో పనిచేసిన మహానుభావుడని పరిచయం చేశారు. నేను కూడా ఆ పూటకి మహానుభావుడిలాగే మాట్లాడాను. అంతా అయ్యాక రెండో వరసలో కూర్చున్న ఒకమ్మాయి లేచి, "సార్, పేపరు నీతిగా ఉంటే దానికి డబ్బులొస్తాయాండి? లేకపోతే నీతి దారి నీతిదీ, డబ్బు దారి డబ్బుదీనాండి?" అని అడిగింది.

ఏదో చెప్పాను. సమాజం, వెలుగు, బాధ్యత అనే మాటలు అందులో ఉన్నట్టు గుర్తు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ అమ్మాయి మాత్రం కొట్టలేదు. నోట్‌బుక్కు మూసేసి పెన్నుకి మూత పెట్టుకుంది. ఆ పుస్తకంలో నేను చెప్పింది ఒక్క ముక్క కూడా ఎక్కలేదని నాకు అర్థమైంది.

తిరిగి వస్తూ బస్సులో సిగ్గుపడ్డాను. ఎందుకంటే ఆ ప్రశ్నకి జవాబు నాకు తెలుసు. పుస్తకాల్లో చదివి తెలుసుకున్నది కాదు, కొబ్బరికాయల ధర వెయ్యబోయి తెలుసుకున్నది. కానీ అది చెప్పాలంటే ముందు నా తప్పు చెప్పాలి. శాలువా మీదుండగా ఆ మాట నోట రాలేదు. ఇప్పుడు శాలువా బీరువాలో ఉంది కాబట్టి చెబుతున్నాను. ఈ పనిలోకి వస్తున్న పిల్లలు చదువుతారని రాస్తున్నది కనుక, నాకు ఎప్పుడు ఏ హోదా వచ్చిందో, ఎవరు ఏ బహుమతి ఇచ్చారో ఇందులో ఉండదు. అవి మా ఇంట్లోవాళ్ళకే గుర్తులేవు.

ఆఖరి పేజీలో ఎడం పక్క

మాది రామచంద్రపురంలో చిన్న దినపత్రిక. ఎనిమిది పేజీలు. ఇప్పుడు లేదు కాబట్టి పేరు అనవసరం. యజమానీ ఆయనే, ఎడిటరూ ఆయనే, మూర్తి గారు. ఆయనకి మొదట శుభలేఖలూ కరపత్రాలూ వేసే ప్రెస్సు ఉండేది. పెళ్ళిళ్ళు లేని నెలల్లో మిషను ఖాళీగా ఉంటోందని పత్రిక పెట్టారని ఊళ్ళో వేళాకోళం చేసేవారు. ఆయన కాదనేవారు కాదు. మా నాన్న లూథరన్ మిషన్ బడిలో మాస్టారు. నన్నూ మాస్టార్ని చెయ్యాలని చూశారు. డిగ్రీ అయ్యాక సెలవుల్లో ప్రూఫులు దిద్దడానికని ఆ ప్రెస్సులో అడుగుపెట్టిన వాణ్ణి, మళ్ళీ బయటికి రాలేదు. చివరి పదిహేనేళ్ళు న్యూస్ ఎడిటర్ని. ఏ వార్త వెయ్యాలో, ఏది ఆపాలో చెప్పే కుర్చీ అది. ఆపడం కష్టమైన పని అనుకుని ఆ కుర్చీలో కూర్చున్నాను. నిజానికి అంత తేలికైన పని ఇంకోటి లేదు. ఆపిన వార్త గురించి మర్నాడు ఎవరూ ఫోన్ చెయ్యరు.

అసెంబ్లీ, సినిమాలు, క్రికెట్టు, అన్నీ వేసేవాళ్ళం. వాటికోసం ఎవరూ మా పేపరు కొనలేదు. వాటికి పెద్ద పత్రికలున్నాయి. మా పేపరు కొన్నది ఆఖరి పేజీలో కింద ఎడం పక్కనుండే మూడంగుళాల బాక్సు కోసం. 'నేటి కొబ్బరి ధరలు' అని శీర్షిక. పచ్చికాయ వెయ్యి కాయలకి ఇంత, పాతకాయ వెయ్యికి ఇంత, ఎండుకొబ్బరి క్వింటాలుకి ఇంత. దాని అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో, 'సేకరణ: అప్పన్న'.

తోట లేనివాళ్ళకి ఈ బాక్సు విలువ తెలియదు. కొబ్బరి చెట్టుకి నెలన్నరకో రెండు నెలలకో ఒక దింపు, అంటే కాయల కోత. దింపు తీసే రోజున పొద్దున్నే దళారి తోటలోకే వచ్చేస్తాడు. పదెకరాల ఆసామికి నలుగురు వ్యాపారులు ఫోన్లు చేసి రేటు చెబుతారు. ఎకరం, అరెకరం ఉన్నవాళ్ళకి మాత్రం గుమ్మంలో నిలబడ్డ ఆ ఒక్కడే మార్కెట్టు. అతను చెప్పిందే ధర. అలాంటి ఇంట్లో అరుగు మీద మా పేపరు ఉంటే బేరం మారిపోయేది. ఆఖరి పేజీ తిప్పి, బాక్సు మీద వేలు పెట్టి, "ఇదిగో చూడండి" అంటే సరిపోయేది. నోరు లేనివాళ్ళ బేరం మా పేపరు ఆడేది. అందుకే తోట ఉన్న ప్రతి ఇంటికీ మా పేపరు వెళ్ళేది, అందుకే ఎరువుల కొట్లవాళ్ళు, బట్టల కొట్లవాళ్ళు మాకు ప్రకటనలిచ్చేవాళ్ళు. ఇది నాకు అప్పట్లో తెలియదు. సంపాదకీయాలు రాసేది నేను గనక, జనం వాటికోసమే కొంటున్నారని నా నమ్మకం.

వచ్చేవాళ్ళని అడిగే మనిషి

అప్పన్న ఇనప గునపానికి కాయ గుచ్చి పీచు వలిచే పని చేసేవాడు. బొటనవేలు తెగి ఆ పని మానేశాక, సైకిలు మీద మా పేపరు కట్టలు వేసేవాడు. ఏడో తరగతి వరకూ చదివాడు. ఎలాగూ కాలవ అవతలి మార్కెట్టు వైపు వెళుతున్నాడు కదా, ధరలు కనుక్కుని రమ్మని మూర్తి గారు పురమాయించారు. మొదటిరోజు అతను తెచ్చిన ధరకీ, నేను ఒక వ్యాపారికి ఫోన్ చేసి కనుక్కున్న ధరకీ పొంతన లేదు.

"ఎవర్ని అడిగావు అప్పన్నా?" అన్నాను.

"వచ్చేవాళ్ళనండి."

"అంటే?"

"కాయలేసుకుని ఎల్తున్నోణ్ణి అడిగితే, ఆడికి రావాలనుకున్న రేటు చెప్తాడండి. కొనేవోణ్ణి అడిగితే ఇవ్వాలనుకున్న రేటు చెప్తాడండి. అమ్మేసుకుని ఖాళీ బండితో తిరిగొచ్చేవోడికే కదండి ఎంతొచ్చిందో తెలిసేది? లాకుల వంతెన మీద నిలబడితే అందరూ అటే రావాలండి."

"వాళ్ళు నిజం చెబుతారా?"

"పరువుకి ఓ యాభై కలిపి చెప్తారండి. అందుకే అయిదుగుర్ని అడుగుతానండి," అని నవ్వాడు.

ఆ తర్వాత నేను వృత్తి గురించి చాలా పుస్తకాలు చదివాను, శిక్షణ తరగతులకి హైదరాబాదు వెళ్ళొచ్చాను. ఇంతకన్నా పనికొచ్చే మాట ఎక్కడా వినలేదు. అప్పన్న ఎండనకా వాననకా పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా లాకుల మీద నిలబడి, ఖాళీ బళ్ళను ఆపి అడిగి, సిగరెట్టు పెట్టె అట్టముక్క మీద రాసుకొచ్చేవాడు. మర్నాడు పొద్దున్న అది బాక్సయ్యేది.

ఒకసారి ఆ బాక్సులో నేనే తప్పు చేశాను. ప్రూఫులో అంకె తారుమారై, పచ్చికాయ ధర ఉన్నదానికన్నా బాగా ఎక్కువ పడింది. మర్నాడు ప్రతి తోటలోనూ గొడవే. కొనేవాళ్ళు మమ్మల్ని తిట్టారు, అమ్మేవాళ్ళు కొనేవాళ్ళని తిట్టారు. లోపల పేజీలో ఓ మూల రెండు లైన్ల సవరణ వేద్దామనుకుని మూర్తి గారికి చూపించాను. ఆయన కళ్ళజోడు తీసి, "తప్పు వేసింది ఆఖరి పేజీలో, దిద్దేది ఆరో పేజీలోనా రత్నం?" అన్నారు. మొదటి పేజీలో, నాలుగు కాలమ్‌ల వెడల్పున వేయించారు. 'మేము తప్పు వేశాము' అని శీర్షిక. ఆ ఉదయం నేను తల ఎత్తుకుని బజారులో నడవలేకపోయాను. ఆ నెలాఖరుకి మా ఏజెంటు వచ్చి, ఎవరూ అడక్కుండానే కాలవ అవతలి ఊళ్ళకి ఇంకో కట్ట ఎక్కువ పంపమన్నాడు. "తప్పయితే తప్పని చెప్తారంటండి మీరు," అన్నాడు.

కాబట్టి తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు. సవరణ ఏం చేస్తుందో నేను కళ్ళారా చూశాను.

సంఘం వారి పూర్తి పేజీ

తర్వాత రోజులు బాగాలేవు. కాగితం ధర పెరిగింది. పెద్ద పత్రికలు జిల్లాకొక చిన్న సంచిక మొదలుపెట్టాయి. టీవీలొచ్చాయి. మా దగ్గర విలేకరులకి ప్రకటనల టార్గెట్లు పెట్టాం. ఈ పద్ధతి గురించి ఒక్క మాట. మన జిల్లాల్లో పొద్దున్న పెన్ను పట్టుకుని వెళ్ళిన గుమ్మానికే సాయంత్రం రసీదు పుస్తకం పట్టుకుని వెళ్ళాలి. వార్షికోత్సవ సంచిక వస్తోందంటే విలేకరి మొహం వాడిపోయేది. ఆ గుమ్మంలో మనిషి గురించి అతను ఇంకేం రాస్తాడు? ఇది మంచిది కాదని అందరికీ తెలుసు. అందరం చేశాం. పిల్లలూ, మీచేతా చేయిస్తారు. వార్త తెచ్చే మనిషీ ప్రకటన తెచ్చే మనిషీ వేరుగా ఉండాలని మొదటి రోజే అడగండి. ఉద్యోగం ఇవ్వకపోవచ్చు. అయినా అడగండి.

అలాంటి రోజుల్లో కొబ్బరి వ్యాపారుల సంఘం సెక్రటరీ మా ఆఫీసుకి వచ్చాడు. తెల్లచొక్కా, మెత్తని మాట. ప్రతి నెలా ఒక పూర్తి పేజీ రంగుల ప్రకటన ఇస్తామన్నాడు. మూర్తి గారు ఆ రోజు ఊళ్ళో లేరు. మాట్లాడింది నేనే. కాఫీ తాగి లేచి వెళుతూ, వాకిట్లో గుర్తొచ్చినట్టుగా అన్నాడు.

"ఇంకోటండి రత్నం గారూ. మీ అప్పన్న పాపం ఎండలో నిలబడి ఎవర్నో అడుగుతుంటాడు. ఎందుకండీ అంత శ్రమ? రోజూ పదకొండింటికల్లా మేమే ఫోన్ చేసి రేటు చెప్పేస్తాం. మీకూ పని తగ్గుద్ది."

అతను నన్ను బెదిరించలేదు. లంచం ఇవ్వలేదు. అబద్ధం వెయ్యమనలేదు. పని తగ్గిస్తానన్నాడు. నేను ఆలోచిస్తున్నట్టు ఒక్క క్షణం ఆగి, "అలాగేనండి" అన్నాను. ఆ ఆగడం కూడా మర్యాద కోసమే. అప్పటికే నా లెక్కలో ఆ నెల జీతాలు తేలిపోయాయి.

అప్పన్నకి మర్నాడు చెప్పాను. ఇకనుంచి ధరలు ఫోన్లో వస్తాయి, నువ్వు పుట్టినరోజులు, సంస్మరణల ప్రకటనలు తీసుకురా, జీతంలో తేడా ఉండదు అన్నాను. అతను చేతిలో అట్టముక్కని కాసేపు తిప్పాడు.

"ఫోనెవరు చేస్తారండి?"

"సంఘం వాళ్ళు."

"ఆయ్. అయితే సార్, కింద నా పేరు తీసెయ్యండి."

అంతే. కోపం లేదు, నిష్ఠూరం లేదు. నెలాఖరు దాకా ఉండి, చెప్పి మరీ మానేశాడు. లాకుల దగ్గర అతని భార్య లక్ష్మికి టీ కొట్టు ఉండేది. అక్కడ సాయంగా ఉంటానన్నాడు. నేను కంపోజింగ్ వాళ్ళతో 'సేకరణ: అప్పన్న' అన్న ముక్క తీయించేశాను. ఆ లైను ఎవరూ చదవరనుకున్నాను.

రెండొందలు కలుపుకో

మొదట అడిగింది మార్తమ్మ గారు. మా చర్చిలోనే ఆదివారం పిల్లలకి పాఠం చెప్పేవారు. బడిలో పనిచేసి రిటైరయ్యారు. ఎకరన్నర తోట. ఆ తోట మీదే ఆమె, మంచం పట్టిన ఆమె భర్త బతికేవారు. ఆరాధన అయ్యాక మెట్ల దగ్గర ఆపి, "బాక్సు కింద అప్పన్న పేరు లేదేంటండీ?" అన్నారు.

"పద్ధతి మార్చామండి," అన్నాను.

ఆమె తల ఊపి వెళ్ళిపోయారు. తర్వాత రెండు దింపులయ్యాయి. ఇంకో ఆదివారం అదే మెట్ల దగ్గర మళ్ళీ ఆగారు. ఈసారి చేతిలో బైబిలుతో పాటు మా పేపరు ఆఖరి పేజీ మడత పెట్టి ఉంది.

"రత్నం గారూ, ఒక్క మాటండి. పోయిన దింపుకి మీ పేపర్లో రేటు చూసి ఇచ్చేశానండి. దళారి కూడా మీ పేపరే చూపించాడు. 'రత్నం గారు వేశారు కదండీ, ఇంకేం కావాలి' అన్నాడు. మీరు వేశారు కదా అని నేను బేరం కూడా ఆడలేదండి. తర్వాత తెలిసింది, ఆ రోజు మార్కెట్లో వెయ్యి కాయలకి మీ రేటు మీద రెండొందలు ఎక్కువే పలికిందంట."

ఆమె చేతిలో మడత పెట్టి ఉన్న ఆ పేజీ వైపు చూశాను.

"మీకు తెలియదేమోనని చెప్తున్నానండి. ఇప్పుడు మా వైపు అందరం రత్నం గారి రేటుకి రెండొందలు కలుపుకుని అడుగుతున్నాం. అలవాటైపోయింది." ఇది చెప్పేటప్పుడు ఆమె కొంచెం నవ్వారు కూడా, నన్ను ఇబ్బంది పెట్టకూడదని.

ముప్పయ్యారేళ్ళలో నన్ను రాజకీయ నాయకులు తిట్టారు, ఒకాయన ఆఫీసు అద్దాలు పగలగొట్టించాడు. అవేవీ నన్ను ఆ నవ్వు కుదిపినట్టు కుదపలేదు. సెక్రటరీ చెప్పిన అంకె ఉత్త కల్పన కాదు. వాళ్ళు ఏ ధరకి కొనాలనుకుంటున్నారో అదే. దాన్ని మా పేపర్లో అచ్చు వేసి, 'ధర' అని పేరు పెట్టి, ప్రతి గుమ్మంలోకీ ముందే పంపాం. రైతు చేతిలో ఉండాల్సిన పేపరు దళారి చేతిలోకి వెళ్ళింది.

ఆ మధ్యాహ్నం భోజనం చెయ్యకుండా కూర్చుని ఒక సవరణ రాశాను. మూడు వాక్యాలు. ఫలానా రోజు నుంచి మేము వేస్తున్న కొబ్బరి ధరలు వ్యాపారుల సంఘం చెప్పినవి. అవి రైతుకి ముట్టిన ధరలు కావు. పొరపాటున ఈ మాట చెప్పనందుకు చింతిస్తున్నాం. చదువుకుని జేబులో పెట్టుకున్నాను.

సోమవారం ఆఫీసులో టేబుల్ మీద సంఘం వారి కొత్త నెల ప్రకటన ఉంది. మూర్తి గారు ప్రెస్సులో కాగితం కట్టలు చూసుకుంటున్నారు. ఆయన ఆరోగ్యం అప్పటికే బాగాలేదు. ఈ కాగితం చూపిస్తే ఒప్పుకోరు, ఒప్పుకుంటే పేపరు మూసుకోవాలి, ఇప్పుడు ఆయన్ని ఎందుకు బాధపెట్టడం, ఇలా నాలో నేనే ఇద్దరి మాటలూ మాట్లాడేసుకున్నాను. చీటీని డైరీలో పెట్టాను. మంగళవారం చూద్దామనుకున్నాను. మంగళవారాలు చాలా వచ్చాయి.

టీ కొట్టు పలక

ఏజెంటు వచ్చి కట్టలు తగ్గించమన్నాడు. అవతలి ఊళ్ళలోనే ఎక్కువ. కారణం అడిగితే నీళ్ళు నమిలాడు. గట్టిగా అడిగాక చెప్పాడు.

"లాకుల దగ్గర అప్పన్న పలక పెట్టాడంటండి. టీ తాగడానికెళ్ళి అందరూ అదే చూసుకుంటున్నారు."

చూసొద్దామని వెళ్ళాను. లక్ష్మి టీ కొట్టు ముందు, బడిపిల్లల బోర్డు అంతుంటుంది, నల్లరంగు వేసిన చెక్క. దాని మీద సుద్దముక్కతో పచ్చికాయ, పాతకాయ, ఎండుకొబ్బరి. మా బాక్సు ఎలా ఉండేదో అచ్చం అలాగే గీతలు కొట్టి రాశాడు. అడుగున పేరు లేదు. అక్కర్లేదు, మనిషే పక్కన నిలబడి ఉన్నాడు. కొట్టు ముందు సైకిళ్ళు, మోటారు సైకిళ్ళు, రెండు ఖాళీ ట్రాక్టర్లు. ఇదివరకు నలుగురు కూర్చునే బల్ల ఒకటే ఉండేది. ఇప్పుడు మూడు బల్లలు చాలక కాలవ గట్టు మీద కూర్చున్నారు.

"రండి సార్, టీ తాగండి," అన్నాడు అప్పన్న. ఏమీ జరగనట్టే.

"సంఘం వాళ్ళు నీ దగ్గరికి రాలేదా?" అన్నాను.

"ఎందుకు రాలేదండి? వచ్చారు. కొట్టుకి కొత్త రేకులు వేయిస్తామన్నారండి."

"నువ్వేమన్నావు?"

"టీ ఇచ్చానండి. తాగి వెళ్ళారు."

రాజమండ్రి కాలేజీలో నేను నీకు చెప్పాల్సింది ఇదమ్మా. పేపరు నీతిగా ఉంటే డబ్బులొస్తాయా అన్నావు. నేను చూసింది చెబుతాను. అబద్ధం చెప్పని పలక ఉండబట్టి ఒక టీ కొట్టు పెరిగింది. అదే ఊళ్ళకి, సంఘం చెప్పిన ధరలు వేసిన ఎనిమిది పేజీల పేపరు తరిగిపోయింది. అప్పన్న మా వ్యాపారం ఎత్తుకుపోలేదు. మేం వదిలేసింది అతను దాచాడు.

నీతి ఉంటే పేపరు తప్పకుండా బతుకుతుందని మాత్రం నేను ఒట్టు వెయ్యలేను. కాగితం ధర, సెల్‌ఫోన్లు మమ్మల్ని ఎలాగూ దెబ్బతీసేవేమో. నేను చెప్పగలిగింది ఇంతే. మా దగ్గర అమ్మడానికి ఉన్న సరుకు ఒక్కటే, మేం వేసింది నిజమన్న నమ్మకం. జీతాలకి డబ్బులు కావాలని దాన్ని ఒకేసారి ఒకే మనిషికి అమ్మేశాం. తర్వాత అమ్మడానికి ఏమీ మిగల్లేదు.

ఆ కొన్న మనిషి కూడా మిగల్లేదు. ఒక ఏడాది తిరక్కుండా సెక్రటరీ మళ్ళీ వచ్చాడు. అదే తెల్లచొక్కా. ఈసారి కాఫీ వద్దన్నాడు. "ఏమీ అనుకోకండి రత్నం గారూ. మీ పేపరు ఎవరూ చూడట్లేదంటున్నారండి మావాళ్ళు. ఇంక ఎందుకివ్వాలి ప్రకటన అని అడుగుతున్నారు," అన్నాడు. పాఠకులు ఎవరి వల్ల పోయారో అతనికీ తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరం ఆ మాట ఎత్తలేదు.

అడగని మాట

ఇంకో రెండేళ్ళకి పత్రిక మూసేశాం. మంది తగ్గుతూ తగ్గుతూ చివరికి మూర్తి గారు, నేను, మిషను నడిపే ఇద్దరు మిగిలాం. ఆఖరి సంచిక వేశాక మధ్యాహ్నం పూట బీరువాలు ఖాళీ చేస్తున్నాం. నా పాత డైరీలోంచి చీటీ జారి ఆయన కాళ్ళ దగ్గర పడింది. ఆయన తీసి, కళ్ళజోడు పెట్టుకుని చదివారు. రెండుసార్లు చదివారు.

"ఇదెప్పటిది రత్నం గారూ?"

వయసు పెరిగే కొద్దీ ఆయన నన్ను గారు అనడం మొదలుపెట్టారు. చెప్పాను. మార్తమ్మ గారి సంగతి చెప్పాను. మీరు ఒప్పుకోరనుకున్నానన్నాను.

ఆయన కళ్ళజోడు తీసేశారు. చీటీని టేబుల్ మీద పెట్టి మడతలు చేత్తో సాపు చేశారు.

"నన్నడిగారా?" అన్నారు.

"లేదండి."

"ప్రకటన వస్తోందన్నారు గానీ ఫోన్లో రేటు తీసుకుంటున్నామని నాతో ఎప్పుడైనా చెప్పారా? అప్పన్న ఆరోగ్యం బాగాలేక మానేశాడనుకున్నాను. నాలుగు కాలమ్‌లలో వేసేవాణ్ణి కదండీ రత్నం గారూ, ఇంతకుముందు వెయ్యలేదా మనం?"

ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకూ తిరిగాయి. యజమానులు వార్తలు ఆపుతారని మనం చెప్పుకుంటాం. ఆపేవాళ్ళున్నారు, కాదనను. కానీ నా జీవితంలో నేను ఆపిన ముఖ్యమైన వార్తని ఏ యజమానీ ఆపలేదు. ఆపుతాడని ముందే అనుకుని నేనే ఆపాను. అడిగి ఉంటే ఆయన కాదనొచ్చు, ఔననొచ్చు. అడగకుండా ఆయన పేరు మీద నేను కాదన్నాను. మూర్తి గారు ఆ తర్వాత ఎంతోకాలం బతకలేదు. మార్తమ్మ గారు పత్రిక ఆఖరి సంచిక దాకా చందా కట్టారని ఏజెంటు తర్వాత చెప్పాడు. రేటు నమ్మకపోయినా పేపరు మానలేదు. ఆమెకి ఒక్కసారి క్షమించమని చెప్పాల్సింది. అదీ చెప్పలేదు. ఆమె కూడా ఇప్పుడు లేరు.

ఒక్క రోజు

రాజమండ్రి నుంచి వచ్చిన మర్నాడు పొద్దున్నే బస్సెక్కి లాకుల దగ్గర దిగాను. అప్పన్నకి డెబ్భై దగ్గర పడింది. టీ కొట్టు ఇప్పుడు సిమెంటు కప్పున్న టిఫిను హోటలు. ఖాళీ బళ్ళను ఆపి అడిగేది ఇప్పుడు అతని కోడలు. పలక మాత్రం అదే, రంగు కొత్తగా వేశారు. రోజూ దాన్ని ఫోటో తీసి ఆ అమ్మాయి ఫోన్లలో పంపుతుంది. కావలసినవాళ్ళు నెలకింతని డబ్బు పంపుతారు, పంపనివాళ్ళని అడగదు. సగానికి పైగా పంపుతారట.

జేబులోంచి చీటీ తీశాను. పాతదే. అందులో 'పొరపాటున' అన్న మాట కొట్టేశాను. 'చింతిస్తున్నాం' కూడా కొట్టేసి, 'బాధ్యుడు న్యూస్ ఎడిటర్ జీవరత్నం' అని రాశాను.

"అప్పన్నా, దీన్ని పలక మీద రాస్తావా?"

చదివాడు. కళ్ళు సరిగా కనబడక దూరం పెట్టి చదివాడు.

"ఇప్పుడెందుకండి ఇదంతా?"

"ఇప్పుడు కూడా చెప్పకపోతే ఎలా అప్పన్నా?"

అతను కాసేపు నా మొహంలోకి చూసి, సుద్దముక్క తీసుకున్నాడు. ధరల కింద గీత కొట్టి, ఆ మూడు వాక్యాలూ నింపాదిగా రాశాడు. అక్షరాలు ఇప్పటికీ గుండ్రంగానే ఉన్నాయి.

"ఒక్క రోజే ఉంచుతానండి. పొద్దున్నే చెరిపెయ్యాలి, రేపటి రేటు రాయాలిగా."

"పేపరైనా ఒక్క రోజేగా," అన్నాను.

టీ తాగుతూ బల్ల మీద కూర్చున్నాను. ముప్పై ఏళ్ళుంటాయేమో, ఒక రైతు బండి ఆపి వచ్చి పలక ముందు నిలబడ్డాడు. పైనుంచి కిందకి చదివాడు.

"ఏ పేపరు బాబాయ్ ఇది?" అన్నాడు.

అప్పన్న టీ వడపోస్తూ నా వైపు చూడకుండానే జవాబిచ్చాడు.

"ఉండేదిలేరా ఒకటి. మంచి పేపరే."

అతను సరేనన్నట్టు తలూపి, ఫోను తీసి పలకను ఫోటో తీసుకున్నాడు. తీశాక ఒకసారి చూసుకుని, మళ్ళీ ముందుకి జరిగి ఇంకోటి తీశాడు. ఈసారి కింద నా మూడు వాక్యాలూ రాకుండా, ధరల వరకే.